పారిపోయినవాడనే ముద్ర వెనక: బ్లువా ప్రభువు ఎటియెన్, ఆయన కుటుంబం

జెరూసలేంను ముస్లింల నుంచి గెలుచుకోవడానికి యూరప్ క్రైస్తవులు చేసిన మొదటి క్రూసేడ్ (మత యుద్ధయాత్ర) చరిత్ర చదివేవాళ్లకు, ఫ్రాన్స్‌లోని బ్లువా ప్రభువు ఎటియెన్ సాధారణంగా ఒకే ఒక్క చోట కనిపిస్తాడు. 1098 జూన్ 2న, సిరియాలోని అంటియోక్ నగరం క్రూసేడర్ల చేతికి చిక్కడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, ఆయన శిబిరం వదిలి వెళ్లిపోయాడు. అంతటితో ఆయన మీద పిరికివాడనే ముద్ర పడిపోయింది. తొమ్మిది వందల ఏళ్లు దాటినా అది చెరగలేదు. అయితే అదే మనిషి నాలుగేళ్ల తర్వాత పాలస్తీనాలోని రామ్లాలో, తప్పించుకునే దారి లేని చోట, పోరాడుతూ చనిపోయాడు. ఆయన కొడుకు ఇంగ్లండ్‌కు రాజయ్యాడు. మనవరాలి కొడుకు ఫ్రాన్స్‌కు రాజయ్యాడు.

ఆయన చేసిన పనులను యుద్ధభూమిలో మాత్రమే చూస్తే సగమే అర్థమవుతాయి. మిగతా సగం ఇంట్లో ఉంది: భార్య అడేలా దగ్గర, పంచుకున్న ఆస్తుల దగ్గర, బంధుత్వాల దగ్గర. ఆ సగాన్ని పట్టించుకోకపోవడం వల్లే ఈ కథ ఇంత చిక్కుపడిందని నా అభిప్రాయం.

ముందు పేర్ల సంగతి చూడాలి. ఈ కుటుంబంలో తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకుంటూ పోయారు. ఎటియెన్, స్టీఫెన్ నిజానికి ఒకే పేరు. గందరగోళం లేకుండా తండ్రిని ఫ్రెంచి పద్ధతిలో ఎటియెన్ అని, ఇంగ్లండ్ రాజైన కొడుకును స్టీఫెన్ అని రాస్తాను.

పుట్టిల్లు, అత్తిల్లు

పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పేరుకే రాజు. పారిస్ చుట్టుపక్కల తప్ప ఆయన మాట పెద్దగా సాగేది కాదు. అసలు అధికారం కౌంట్‌లు, డ్యూక్‌లు అనే సామంత ప్రభువులది. ఎటియెన్ తండ్రి మూడో తిబో అలాంటి ప్రభువుల్లో పెద్దవాడు. పారిస్‌కు నైరుతిగా బ్లువా, షార్త్ర్ ప్రాంతాలు, తూర్పున షాంపేన్ ప్రాంతం, అంటే రాజు భూములకు రెండు పక్కలా ఈ కుటుంబానివే. 1044లో తూర్ నగరాన్ని ఆంజూ ప్రభువులకు పోగొట్టుకున్నారు. అప్పటినుంచీ ఆంజూ వాళ్లు వీళ్లకు బద్ధశత్రువులు.

ఆంజూకు మరో శత్రువు నార్మండీ డ్యూక్, 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం. శత్రువుకు శత్రువు వియ్యంకుడయ్యాడు. 1080ల తొలినాళ్లలో విలియం కూతురు అడేలాతో ఎటియెన్‌కు పెళ్లి జరిగింది. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆయన ముప్పై దాటినవాడు. రాజకీయం కోసం కుదిర్చిన సంబంధమే. అయితే తర్వాత ఆయన రాసిన ఉత్తరాలు చదివితే ఆ ఇద్దరి మధ్య నమ్మకం, చనువు ఏ స్థాయిలో ఉండేవో తెలుస్తుంది.

అడేలా చదువుకున్న మనిషి. లాటిన్ చదవగలిగేది. కవులు, మఠాధిపతులు ఆమెకు రచనలు అంకితమిచ్చారు. పైగా ఆమె రాజుకు పుట్టిన బిడ్డ. ఆమె తండ్రి డ్యూక్‌గా మొదలై రాజుగా చనిపోయాడు. ఎటియెన్ గొప్ప సంపన్నుడే, ఏడాదిలో ఎన్ని రోజులున్నాయో ఆయనకు అన్ని కోటలున్నాయని అప్పటి ఒక మఠాధిపతి రాశాడు. అయినా వంశ గౌరవం విషయంలో పైచేయి అడేలాదే. 1089లో తిబో చనిపోయాక ఆస్తి పంపకంలో బ్లువా, షార్త్ర్, షాతోడన్, మో ఎటియెన్‌కు వచ్చాయి. షాంపేన్ వైపు భూములు సవతి తల్లి కొడుకులకు పోయాయి. వాళ్లలో చిన్నవాడైన యూగ్ గురించి తర్వాత చెప్తాను.

భార్యకు రాసిన ఉత్తరాలు

1095 నవంబరులో క్లెర్మోన్‌లో పోప్ రెండో అర్బన్ క్రూసేడ్‌కు పిలుపునిచ్చాడు. మరుసటి ఏడాది శరదృతువులో ఎటియెన్ బయల్దేరాడు. తోడుగా అడేలా పెద్దన్న, నార్మండీ డ్యూక్ రాబర్ట్. ఫ్లాండర్స్ ప్రభువు రెండో రాబర్ట్ కూడా వీళ్లతో కలిశాడు. అంటే ఇది దాదాపు బంధువుల బలగం. షార్త్ర్‌కు చెందిన ఫుల్షే అనే మతగురువు కూడా వెంట వెళ్లాడు, తర్వాత ఆ యాత్ర చరిత్ర రాసింది ఆయనే. ఎటియెన్, ఆయన బావమరిది రాబర్ట్ చలికాలం ఇటలీ దక్షిణాన గడిపి 1097 ఏప్రిల్ 5న బ్రిందిసి రేవులో ఓడలెక్కారు. రేవు దాటీ దాటకముందే ఒక ఓడ విరిగి సుమారు నాలుగు వందల మంది మునిగిపోయారని ఫుల్షే రాశాడు.

ఇంటి దగ్గర పాలన మొత్తం అడేలా చేతికి వచ్చింది. కోర్టు తీర్పులు, మఠాల తగాదాలు, పన్నులు, సామంతుల మధ్య రాజీలు, అన్నీ ఆమే చూసుకుంది. క్రూసేడ్ ఖర్చు ఎంత ఉంటుందో ఊహించండి: వందల గుర్రాలు, సైనికుల జీతాలు, ఓడల కిరాయి. కొందరు ప్రభువులు భూములు తాకట్టు పెట్టారు. అడేలా అన్న రాబర్ట్ అయితే నార్మండీ మొత్తాన్ని తమ్ముడికి 10,000 మార్కుల వెండికి తాకట్టు పెట్టాడు. ఎటియెన్‌కు ఆ గతి పట్టలేదు. ఇంటి దగ్గర సమర్థురాలైన భార్య ఉండటమే ఆయనకున్న పెద్ద బలం.

దారిలో ఆయన అడేలాకు పంపిన ఉత్తరాల్లో రెండు ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది 1097 జూన్‌లో నైసియా నగరం లొంగిపోయాక రాసింది. అందులో బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం) చక్రవర్తి అలెక్సియోస్‌ను ఆకాశానికెత్తాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి తనను పది రోజులు కొడుకులా చూసుకున్నాడని, మన కొడుకుల్లో ఒకరిని తన కొలువుకు పంపమన్నాడని రాశాడు. మీ నాన్న ఎన్నో గొప్ప కానుకలిచ్చేవాడు గానీ ఈయన ముందు అవి దాదాపు ఏమీ కావన్నాడు. ఇంగ్లండ్‌ను గెలిచిన రాజు కూతురితో ఆ మాట అనగలిగాడంటే ఆ చనువు చూడండి. చివర్లో ఇంకో మాట రాశాడు: అంటియోక్ గనక అడ్డుపడకపోతే ఐదు వారాల్లో జెరూసలేంలో ఉంటాం.

అంటియోక్ అడ్డుపడింది. అక్టోబరులో మొదలైన ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. చలి, వాన, ఆకలి. గుర్రాలు చచ్చాయి, మనుషులు చచ్చారు. 1098 జనవరిలో పీటర్ ది హెర్మిట్ అనే పేరుమోసిన ప్రబోధకుడే శిబిరం నుంచి జారుకోబోతే వెంటపడి పట్టుకొచ్చారు.

అలాంటి పరిస్థితిలో మార్చి 29న రాసిన రెండో ఉత్తరంలో ఎటియెన్ ధైర్యంగానే వినిపిస్తాడు. బయల్దేరినప్పటికన్నా తన దగ్గర వెండి, బంగారం ఇప్పుడు రెట్టింపు ఉన్నాయన్నాడు. ప్రభువులంతా కలిసి తనను పెద్దగా, అన్ని ఏర్పాట్లూ చూసే నాయకుడిగా ఎన్నుకున్నారన్నాడు. సిరియాలో ఎండలు భరించలేమని అందరూ అంటారు గానీ అది అబద్ధం, ఇక్కడి చలికాలం మన దగ్గరి చలికాలం లాంటిదే అన్నాడు. భూములు జాగ్రత్తగా చూసుకో, పిల్లలతో, మనవాళ్లతో మర్యాదగా ఉండు, వీలైనంత త్వరగా నన్ను చూస్తావని ముగించాడు.

ఆయనకు దక్కిన నాయకత్వం ఎలాంటిదన్న దాని మీద చరిత్రకారుల్లో చర్చ ఉంది. యుద్ధంలో ముందుండి నడిపింది ప్రధానంగా దక్షిణ ఇటలీ నుంచి వచ్చిన నార్మన్ ప్రభువు బోహెమండ్, గాడ్‌ఫ్రే, తులూజ్ ప్రభువు రేమండ్ లాంటివాళ్లు. ఎటియెన్ సరుకుల ఏర్పాట్లు, ఉమ్మడి ఖర్చులు, ప్రభువుల మధ్య సమన్వయం చూసినట్టు అర్థం చేసుకోవడమే సబబుగా అనిపిస్తుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏర్పాట్లు చూసే మనిషికి నిల్వలో ఎంత తిండి ఉందో, ఎన్ని గుర్రాలు మిగిలాయో అందరికన్నా బాగా తెలుస్తుంది.

జూన్ 2న ఏం జరిగింది

మోసుల్ పాలకుడు కెర్బోగా పెద్ద సైన్యంతో అంటియోక్‌ను కాపాడటానికి వస్తున్నాడు. దారిలో ఎడెస్సాను పట్టుకోవాలని మూడు వారాలు ఆగాడు, ఆ మూడు వారాలే క్రూసేడర్లను బతికించాయి. కోట బయట ముట్టడిదారులు, కోటలో శత్రువు, వెనక నుంచి కెర్బోగా. రెంటికీ మధ్య నలిగిపోవడం ఖాయంగా కనిపించింది. అప్పుడే ఎటియెన్ జబ్బు పడ్డానని చెప్పి తన మనుషులతో ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రెట్టాకు వెళ్లాడు. ఆ రాత్రే బోహెమండ్ ముందుగా మాట్లాడి పెట్టుకున్న ఫిరూజ్ అనే బురుజు కాపలాదారు సాయంతో క్రూసేడర్లు గోడలెక్కి లోపలికి దిగారు. తెల్లవారేసరికి నగరం వాళ్లది. ఒకటి రెండు రోజుల్లో కెర్బోగా వచ్చి వాళ్లనే లోపల ముట్టడించాడు.

ఎటియెన్ తిరిగి వచ్చి దగ్గర్లోని కొండెక్కి చూస్తే మైదానం నిండా శత్రువుల గుడారాలు. లోపలివాళ్ల పని అయిపోయిందనుకున్నాడు. పడమటికి తిరిగాడు. ఆసియా మైనర్ (నేటి టర్కీ) మధ్యభాగంలోని ఫిలోమీలియన్ దగ్గర, క్రూసేడర్లకు సాయంగా సైన్యంతో వస్తున్న అలెక్సియోస్ ఎదురయ్యాడు. అంటియోక్‌లో మనవాళ్లు ఈపాటికి చనిపోయి ఉంటారని ఎటియెన్ చెప్పాడు. ముట్టడిలోంచి గోడల మీదుగా తాళ్లు పట్టుకుని దిగి పారిపోయి వచ్చిన గ్రాండ్‌మెనిల్ విలియం లాంటివాళ్లూ అదే చెప్పారు. చక్రవర్తి సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. జూన్ 28న అంటియోక్‌లోని క్రూసేడర్లు బయటికొచ్చి కెర్బోగాను ఓడించారు.

నా దృష్టిలో ఎటియెన్ వెళ్లిపోవడం కన్నా ఆయన ఫిలోమీలియన్‌లో చెప్పిన మాటే పెద్దది. ఒక ప్రభువు శిబిరం వదిలితే కొన్ని వందల మంది తగ్గుతారు. చక్రవర్తి వెనక్కి తిరగడంతో మాత్రం రాజకీయమే మారిపోయింది. గెలిచిన పాత బైజాంటైన్ నగరాలను తిరిగి ఇచ్చేస్తామని క్రూసేడ్ నాయకులు అలెక్సియోస్‌కు ప్రమాణం చేసి ఉన్నారు. మీరు ఆపదలో రాలేదు కాబట్టి ఆ ప్రమాణం చెల్లదన్నాడు బోహెమండ్. అంటియోక్‌ను తనే ఉంచుకున్నాడు. ఆ నగరం కోసం లాటిన్లకు (పడమటి క్రైస్తవులకు), బైజాంటైన్ గ్రీకులకు మధ్య దశాబ్దాల పాటు తగువు నడిచింది.

ఎటియెన్ అబద్ధం చెప్పాడా? లేదనే అంటాను. కొండ మీద నుంచి ఆయన చూసింది నిజమే, దాన్ని బట్టి ఊహించింది ఆనాడు ఎవరైనా ఊహించేదే. చక్రవర్తికీ వేరే కారణాలున్నాయి. సెల్జుక్ తుర్కుల సైన్యం ఒకటి తన మీదికే వస్తోందన్న వార్త అందిందని ఆయన కూతురు అన్నా కొమ్నేనే తన చరిత్రలో రాసింది. ఒక మనిషి పిరికితనం వల్లే మహాసైన్యం వెనక్కి తిరిగిందనడం అతి.

మరి ఆ నింద ఎక్కడ పుట్టింది? ఆయన జబ్బు నటించాడని గట్టిగా రాసిన తొలి రచయిత బోహెమండ్ సైన్యంతో వెళ్లిన పేరు తెలియని మనిషి. బోహెమండ్‌కు అంటియోక్ మీద హక్కు నిలబడాలంటే చక్రవర్తి ద్రోహి కావాలి, ఆయనకు చెడు సలహా ఇచ్చినవాడు పిరికివాడు కావాలి. ఆ రచనే తర్వాతి చరిత్రకారులు చాలామందికి మూలమైంది. ఫుల్షే మాటలు దీనికి భిన్నంగా ఉంటాయి. ఎటియెన్ గొప్ప వంశస్థుడు, ఆయుధ విద్యలో దిట్ట, ఆయన వెళ్లిపోయినందుకు అందరం బాధపడ్డాం అని రాశాడు. బాగా మొదలుపెట్టి బాగా ముగించకపోతే ప్రయోజనం లేదనీ అన్నాడు. ఫుల్షే సొంత ప్రభువు గురించి రాస్తున్నాడు, పైగా అప్పటికి ఎడెస్సాలో ఉన్నాడు, కళ్లారా చూడలేదు. కాబట్టి ఆయన మాటనూ పూర్తిగా నమ్మలేం. అయినా ఒక్కటి మాత్రం స్పష్టం: నిందించిన మొదటివాళ్లు గెలిచినవాళ్లు, వాళ్లు గెలిచాక రాశారు. అంటియోక్‌లో అందరూ చచ్చిపోయి ఉంటే ఎటియెన్‌ను జాగ్రత్తపరుడని రాసేవాళ్లు.

ఆయన్ని పూర్తిగా వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. తోటి ప్రభువులు ఎన్నుకున్న మనిషి, వాళ్లు అతి కష్టంలో ఉన్నప్పుడు వెళ్లిపోయాడు. ఆ భారం ఆయన మీద ఉంది.

ఇంటికి వచ్చాక

1099 జులై 15న జెరూసలేం క్రూసేడర్ల వశమైంది. నగరంలోని ముస్లింలను, యూదులను ఘోరంగా ఊచకోత కోశారు. యూరప్‌లో మాత్రం అది మహా విజయంగా వినిపించింది. మర్నాటి ఏడాదికి రాబర్ట్‌లిద్దరూ ఇంటికి చేరారు, జెరూసలేం చూసి వచ్చిన వీరులుగా. వాళ్లలో ఒకడు అడేలా అన్న. బంధువుల ముందు ఎటియెన్ పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు మొక్కు తీర్చకుండా తిరిగొచ్చినవాళ్లను మతం నుంచి వెలి వేస్తామని కొత్త పోప్ రెండో పాస్కల్ హెచ్చరించాడు. శిలువ గుర్తు కట్టుకోవడం జెరూసలేం చేరతానని దేవుడికి చేసిన ప్రమాణం. అది తీరలేదు.

ఇక్కడే అందరికీ తెలిసిన కథ వస్తుంది. అడేలా రోజూ భర్తను దెప్పిపొడిచిందని, పడకగదిలో కూడా తిరిగి వెళ్లమని పోరిందని నార్మండీ సన్యాసి ఆర్డెరిక్ రాశాడు. ఈ సన్నివేశమే పదే పదే వినిపిస్తుంటుంది. ఆర్డెరిక్ అది రాసింది సుమారు మూడు దశాబ్దాల తర్వాత, మఠంలో కూర్చుని. మూసిన తలుపుల వెనక మాటలు ఆయన చెవిన పడే మార్గం లేదు. అడేలా కోరుకోలేదని నేను అనను. ఇల్లు, వంశం, పిల్లల భవిష్యత్తు అన్నీ ఆ పరువుతో ముడిపడి ఉన్నప్పుడు ఆమె గట్టిగానే చెప్పి ఉంటుంది. కానీ ఒక రాజ్యం లాంటి ప్రాంతాన్ని నడిపిన మనిషిని గయ్యాళి భార్యగా మిగల్చడం అన్యాయం. చర్చి ఒత్తిడి, మొక్కు, తోటి ప్రభువుల చూపు ఉండగా ఎటియెన్ ఎలాగైనా వెళ్లక తప్పని స్థితి. అంటియోక్ గెలుపు తర్వాత దూతగా వెళ్లి అటే ఇంటికి వచ్చేసిన ఫ్రాన్స్ రాజు తమ్ముడు యూగ్ దె వెర్మాన్డువా కూడా ఇలాగే మళ్లీ బయల్దేరాడు. 1101లో టార్సస్‌లో గాయాలతో చనిపోయాడు.

రెండో ప్రయాణం

1101 యాత్ర మొదటినుంచీ తప్పుదారి పట్టింది. ముందుగా చేరిన ఉత్తర ఇటలీ లొంబార్డులు, అప్పటికి తుర్కులకు చిక్కి తూర్పు కొండల్లో బందీగా ఉన్న బోహెమండ్‌ను విడిపించాలని పట్టుబట్టారు. తెలిసిన దారిలోనే పోదామని ఎటియెన్ చెప్పాడు. ఆయన మాటకు అప్పటికే విలువ లేదు. ఆగస్టులో మెర్సివాన్ దగ్గర తుర్కులు ఆ సైన్యాన్ని తుడిచిపెట్టారు. శిబిరంలో వదిలేసిన ఆడవాళ్లు, పిల్లలు బానిసలయ్యారు. ఎటియెన్ ప్రాణాలతో కాన్‌స్టాంటినోపుల్ చేరి, అక్కడినుంచి సముద్రం మీద సిరియాకు వెళ్లాడు. 1102 ఈస్టర్ నాటికి జెరూసలేంలో ఉన్నాడు. మొక్కు తీరింది.

ఇంటికి వెళ్లడానికి జాఫాలో ఓడెక్కితే ఎదురుగాలి వెనక్కి తెచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఈజిప్టు సైన్యం వచ్చింది. జెరూసలేం రాజు మొదటి బాల్డ్విన్ అది చిన్న దండు అనుకుని, కాల్బలం కోసం ఆగకుండా, సుమారు రెండు వందల మంది గుర్రపు వీరులతో మే 17న దూసుకెళ్లాడు. ఎటియెన్ వెంట నడిచాడు. ఎదురైంది వేల మంది. మిగిలినవాళ్లు రామ్లాలో తలదాచుకున్నారు. ఆ రాత్రి రాజు గుర్రం మీద తప్పించుకున్నాడు. తెల్లారాక లోపలున్నవాళ్ల కథ ముగిసింది. ఎటియెన్ అక్కడే చనిపోయాడు. రాజు పారిపోతే దాన్ని దేవుడి దయ అన్నారు.

పిల్లలు, మనవలు

అడేలాకు అప్పటికి ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ఇంటిని, ప్రాంతాన్ని నడిపింది. 1105లో తన సోదరుడు, ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీకి, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్సెల్మ్‌కు మధ్య పెద్ద తగువును సర్దడంలో ఆమె ముఖ్యపాత్ర వహించింది. వారసత్వం విషయంలో నిర్మొహమాటంగా ఉంది. పెద్దకొడుకు గిల్లోమ్‌ను పక్కన పెట్టింది. అతను షార్త్ర్ మతగురువులతో తీవ్రంగా గొడవ పడిన మనిషి, పెళ్లితో వచ్చిన సుల్లీ భూములతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. రెండోవాడు తిబోకు పాలన అప్పగించింది. స్టీఫెన్‌ను మేనమామ హెన్రీ కొలువుకు పంపింది. చిన్నవాడు హెన్రీని క్లూనీ మఠానికి ఇచ్చింది. 1120 ప్రాంతంలో తానూ మార్సిన్యీ మఠంలో చేరింది.

అదే ఏడాది నవంబరు 25న బార్‌ఫ్లూర్ రేవు దగ్గర వైట్ షిప్ అనే ఓడ మునిగింది. ఇంగ్లండ్ రాజు హెన్రీకి ఉన్న ఒకే ఒక్క సక్రమ వారసుడు అందులో పోయాడు. అడేలా కూతురు మటిల్డా, అల్లుడు కూడా పోయారు. స్టీఫెన్ ఆ ఓడెక్కి కడుపులో బాగాలేదని దిగిపోయాడని ఆర్డెరిక్ రాశాడు. తండ్రి జబ్బును సాకు అన్న లోకం కొడుకు జబ్బును అదృష్టం అంది.

1135లో హెన్రీ చనిపోయాక నార్మండీ ప్రభువులు తిబోను రాజును చేద్దామనుకుంటుండగానే స్టీఫెన్ ఇంగ్లండ్ వెళ్లి డిసెంబరు 22న కిరీటం పెట్టుకున్నాడు. అప్పటికి వించెస్టర్ బిషప్ అయిన తమ్ముడు హెన్రీ సాయం చేశాడు. నిజానికి మేనమామ కూతురు మటిల్డాను రాణిగా అంగీకరిస్తానని స్టీఫెన్ ప్రమాణం చేసి ఉన్నాడు. పైగా ఆమె భర్త ఆంజూ ప్రభువు, పాత శత్రువుల ఇంటివాడు. దాదాపు ఇరవై ఏళ్ల అంతర్యుద్ధం నడిచింది. 1141లో లింకన్ దగ్గర స్టీఫెన్ నేల మీద నిలబడి, చేతిలో ఆయుధాలు విరిగేదాకా పోరాడి పట్టుబడ్డాడు. తండ్రి మీద పడిన మచ్చే ఆయన్ని పారిపోకుండా నిలబెట్టిందని కొందరు చరిత్రకారులు ఊహిస్తారు. స్టీఫెన్ భార్య పేరు కూడా మటిల్డానే, బూలోన్ ప్రభువు కూతురు. ఎటియెన్ ఎవరి వెంట వెళ్లి రామ్లాలో చనిపోయాడో ఆ బాల్డ్విన్ రాజు ఈమెకు స్వయానా చిన్నాన్న. కొడుకు రాజవ్వడం అడేలా చూసింది, 1137లో చనిపోయింది.

ఎటియెన్ సవతి తమ్ముడు యూగ్ కథ ఇంకోలా నడిచింది. షాంపేన్ ప్రభువుగా పదే పదే పాలస్తీనాకు వెళ్లాడు. 1115లో క్లెర్‌వో మఠానికి భూమి ఇచ్చాడు. చివరికి 1125లో అన్నీ వదిలి టెంప్లర్లు అనే యోధ సన్యాసుల సంఘంలో చేరిపోయాడు. షాంపేన్ తిబో చేతికి వచ్చింది. తాతగారి నాడున్న ఆస్తి మొత్తం మళ్లీ ఒకే చేతిలో పడింది.

తిబో కూతురికి నాయనమ్మ పేరే పెట్టారు. ఆ చిన్న అడేలా ఫ్రాన్స్ రాజు ఏడో లూయీని పెళ్లాడి, 1165లో ఫిలిప్‌ను కన్నది. మూడో క్రూసేడ్‌కు ఈ కుటుంబం దాదాపు మొత్తం కదిలింది. తిబో కొడుకులిద్దరు, అంటే ఎటియెన్ మనవలు, 1190-91లో పాలస్తీనా తీరంలోని ఆకర్ నగరం ముట్టడి దగ్గర చనిపోయారు. మరో కొడుకు బిడ్డ, షాంపేన్ ప్రభువు రెండో హెన్రీ, 1192లో జెరూసలేం రాజ్య వారసురాలు ఇసబెల్లాను పెళ్లి చేసుకుని ఆ రాజ్యాన్ని ఐదేళ్లు ఏలాడు. రాజు ఫిలిప్ మాత్రం ఆకర్ లొంగగానే, 1191 జులై చివర, ఆరోగ్యం బాగాలేదని చెప్పి జెరూసలేం చేరకుండానే ఫ్రాన్స్‌కు బయల్దేరాడు. ఇంగ్లండ్ చరిత్రకారులు ఆయన్ని తిట్టిపోశారు. మొక్కు తీర్చమని మళ్లీ పంపగలిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఫిలిప్ ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఏలి, నార్మండీని, ఆంజూను గెలిచి, అగస్టస్ అనే బిరుదుతో చరిత్రలో నిలిచాడు.